అటక మీద అమ్మమ్మ వామనగుంటల పీట దొరికింది. ఒక్కో గుంటకు ఎన్ని గింజలు?

మాంబలం మామ్మ (శనివారం సాయంత్రం)

అందరికీ నమస్కారం. నిన్న మా ఇంట్లో అటక దులిపించాం. పాత ఇత్తడి గంగాళం వెనకాల, గోనెసంచిలో చుట్టి పెట్టిన మా అమ్మమ్మ వామనగుంటల పీట దొరికింది. పనసచెక్క. అటు ఏడు, ఇటు ఏడు, మొత్తం 14 గుంటలు. నడిమధ్య ఒక బీట ఉంది, అది నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ఎడమ చివరి గుంట అంచు మాత్రం వాడిన సబ్బుబిళ్ళలా నున్నగా అరిగిపోయింది. అమ్మమ్మ ఎప్పుడూ అటువైపే కూర్చునేది. ఏ గుంట ఎత్తాలా అని ఆలోచించేటప్పుడు ఆ అంచును బొటనవేలితో రుద్దుతూ ఉండేది. పీటతో పాటు ఒక గుడ్డసంచి, అందులో చింతగింజలు. లెక్కపెడితే 66 ఉన్నాయి.

మనవరాలికి తొమ్మిదేళ్ళు. "ఆడదాం మామ్మా" అని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేనూ కూర్చున్నాను. తీరా చూస్తే ఆట సగం మరిచిపోయాను. గుంటకు ఎన్ని గింజలు పొయ్యాలో కూడా జ్ఞాపకం రాలేదు. సరే లేద్దామంటే మోకాళ్ళు మాట వినలేదు. పిల్ల చెయ్యి అందించింది. ఒక చేత్తో గోడ, ఒక చేత్తో పిల్ల చెయ్యి పట్టుకుని "నారాయణా" అంటూ లేచాను. ఆ మాట నేను ఎప్పుడూ అనను. అది మా అమ్మమ్మ మాట. నేను చెయ్యి అందిస్తే ఆవిడ అలాగే అనేది, సరిగ్గా అదే రాగంతో. కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆట తెలిసినవాళ్ళు దయచేసి పద్ధతి చెప్పండి. అలాగే మీ పెద్దవాళ్ళ మాటో అలవాటో ఒక రోజు ఉన్నట్టుండి మీలో కనపడిన సంగతి ఉంటే అదీ రాయండి. చదవాలని ఉంది.

పెరంబూరు రైలుబండి

గుంటకు నాలుగు గింజలమ్మా. మా ఇంట్లో నాలుగే పోసేవాళ్ళం.

మా నాన్న ఇక్కడ మదరాసులో ఐ.సి.ఎఫ్.లో, అంటే పెరంబూరు రైలుపెట్టెల కార్ఖానాలో, పనిచేశాడు. 1955లో కార్ఖానా మొదలైన కొత్తల్లోనే గోదావరి నుంచి వచ్చి చేరాడు. మా క్వార్టర్స్ వరుసలో తెలుగు ఇళ్ళు చాలా ఉండేవి. కార్ఖానా సైరన్‌ను అందరూ 'సంగు' అనేవాళ్ళం. ఇంట్లో గడియారం ఉన్నా అమ్మ దాన్ని చూసేది కాదు. సంగు వినపడితే ఎసట్లో బియ్యం పోసేది. ఇంకో సంగు వినపడితే కంచాలు వాల్చేది.

మీరు అడిగిన రెండోదానికి నా జవాబు. మొన్న 29సి ఎక్కాను, మా పెరంబూరు నుంచి బీసెంట్ నగర్ వెళ్ళే బస్సు. కాలేజీ అమ్మాయి ఒకతె లేచి "ఉక్కారుంగ తాతా" (కూర్చోండి తాతా) అంది. నాకు 64. బీసెంట్ నగర్ దాకా నిలబడి వెళ్ళగలను. ఫరవాలేదమ్మా అనబోయి ఆగాను. ఎందుకంటే ఇదే బస్సులో ఒకప్పుడు ఒక కుర్రాడు లేచి మా నాన్నకు సీటు ఇచ్చాడు. నాన్న అప్పటికి రోజూ నాలుగు మైళ్ళు నడిచే మనిషి. అయినా కూర్చున్నాడు. దిగాక "నువ్వు గట్టిగానే ఉన్నావుగా, ఎందుకు కూర్చున్నావు" అని అడిగాను. "మర్యాద కోసం లేచినవాణ్ణి మళ్ళీ కూర్చోమనకూడదురా, వాడి మనసు చిన్నబోతుంది" అన్నాడు. అందుకని నేనూ కూర్చున్నాను. ఆ అమ్మాయి సంచి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

కొత్తవాల్ చావడి

రైలుబండి అన్నా, నాలుగు కాదు, ఐదు. మాంబలం అక్కయ్య గారి సంచే సాక్ష్యం. 14 గుంటలకు ఐదేసి చొప్పున 70. ఆవిడ దగ్గర 66 ఉన్నాయంటే ఇన్నేళ్ళలో నాలుగు గింజలు ఎక్కడో జారిపోయాయి. నాలుగేసి అయితే 56 చాలు, పదెక్కువ ఎందుకు ఉంటాయి?

మాది గోవిందప్ప నాయకన్ వీధి. నాలుగు తరాలుగా ఇక్కడే. 1996లో మా కొత్తవాల్ చావడి కూరగాయల మార్కెట్ కోయంబేడుకు వెళ్ళిపోయింది గానీ మా ఇంట్లో కొత్తిమీర కట్ట విప్పితే నాకు ఇప్పటికీ తెల్లవారుజాము చావడి కనపడుతుంది. తడి గోనెపట్టలు, నలిగిన అరటాకులు, కూలీల 'వళి వళి' (దారి, దారి) అనే కేక. ఆ ఏడే ఊరి పేరు చెన్నై అని మార్చారు. మా తాత పేపరు మడిచి పక్కన పెట్టి, "మనం ఎప్పుడు మదరాసు అన్నాం? మనది చెన్నపట్నమే కదరా" అన్నాడు. దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీద వచ్చిన ఊరు అని ఆయనకు మహా అభిమానం.

చందమామ గురించి చెప్పకుండా ఉండలేను. 1947 జూలైలో మన ఊళ్ళోనే మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు పెట్టారు. వడపళనిలో అచ్చయ్యేది. కానీ మేం కొత్తవి కొనేది తక్కువ. సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్లో పాత సంచికల బొత్తులు దొరికేవి. నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేవాడు. బేతాళ కథ ఉన్న పేజీ ఉందా చిరిగిందా అని నేను పైనుంచే చూసి చెప్పాలి. 1985 మే 30న ఆ మార్కెట్ కాలిపోయింది. మర్నాడు నాన్న నన్ను తీసుకెళ్ళాడు. దూరం నుంచే నిలబడి చూశాం. కాలిన కాగితం, తడిసిన బూడిద కలిసిన వాసన. నాన్న ఒక్క మాట మాట్లాడలేదు, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

అప్పటి బొత్తి ఒకటి నా దగ్గర ఉంది. మొన్న తీసి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనపడ్డాయి. చెయ్యి చాపి దూరంగా పెడితే సరిపోయింది. అచ్చం మా తాత పేపరు చదివే భంగిమ అది. చిన్నప్పుడు ఆయన చేతుల కింద నుంచి దూరి ఒళ్ళో కూర్చునేవాణ్ణి. అంత చోటు ఎందుకు ఉండేదో ఇప్పుడు తెలిసింది.

ఆట పద్ధతి పూర్తిగా మా పెద్దక్కకు తెలుసు. తిరుపతిలో ఉంది. రేపు ఫోన్ చేసి కనుక్కుని రాస్తాను.

కళ్ళజోడు డాక్టరు

చావడి గారూ, ఆ చేతుల మధ్య చోటుకు కారణం నేను చెబుతాను, నా వృత్తి అదే. కంటి లోపలి లెన్సు చిన్నప్పుడు మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువు చూడాలంటే అది ఉబ్బుతుంది. వయసుతో పాటు గట్టిపడి ఉబ్బడం తగ్గిస్తుంది. పదేళ్ళ పిల్లవాడు పుస్తకాన్ని ముక్కుకు ఏడెనిమిది సెంటీమీటర్ల దగ్గర పెట్టుకున్నా చదవగలడు. నలభై ఐదేళ్ళకు అది పాతిక సెంటీమీటర్లు దాటిపోతుంది. అరవై వచ్చేసరికి దాదాపు ఒక మీటరు, అంటే చెయ్యి పొడుగు చాలదు. ఇది జబ్బు కాదు, అందరికీ వచ్చేదే. చదువుకునే అద్దాలు పెట్టుకోండి, తలనొప్పి తెచ్చుకోకండి. ఒక్కసారి కంటి పరీక్ష కూడా చేయించుకోండి. నీటికాసుల జబ్బు నొప్పి లేకుండానే ముదురుతుంది, నలభై దాటాక కంటి ఒత్తిడి చూపించుకోవడం అవసరం.

కొత్తిమీర వాసన సంగతి కూడా అంతే. చూపూ వినికిడీ మెదడులో ఒక మజిలీ చేసి వెళతాయి. వాసన మాత్రం భావోద్వేగానికీ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాలకు దాదాపు నేరుగా చేరుతుంది. అందుకే పేరు గుర్తు రాని మనిషి ఇంటి వాసన కూడా గుర్తుంటుంది. ఇంకొకటి, పెద్ద వయసువాళ్ళను జీవితంలో సంఘటనలు చెప్పమంటే పది నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని పరిశోధకులు గమనించారు. కాబట్టి నిన్న తిన్న కూర గుర్తు లేకుండా మూర్ మార్కెట్ గుర్తుంటే కంగారు పడకండి.

కోడంబాక్కం కుర్రవాడు

నాకు 41. ఈ చర్చలో రాయడానికి చిన్నవాణ్ణేమో తెలియదు, కానీ మామ్మ గారి ప్రశ్న నన్ను పట్టుకుంది.

మాకు చిన్నప్పుడు నీళ్ళే పెద్ద టెన్షన్. వీధి చివర అడిపంపు, అంటే చేత్తో కొట్టే పంపు. తెల్లవారుజామున నాలుగున్నరకు నాన్న లేచి రెండు ప్లాస్టిక్ బిందెలు, ఒక ఆకుపచ్చది, ఒక నారింజ రంగుది, వరుసలో పెట్టి వచ్చేవాడు. అందరివీ అవే రంగులు. మాది తెలియడానికి అమ్మ బిందె మెడకు పాత చీర అంచు ముక్క కట్టేది. లారీ వచ్చిన రోజు వీధంతా పరుగే. 1996లో కృష్ణ నీళ్ళు మన ఊరికి నీళ్ళిచ్చే పూండి చెరువుకు చేరాయని వార్త వచ్చినప్పుడు నాకు 12 ఏళ్ళు. ఎన్టీఆర్, ఎంజీఆర్ 1983లో ఒప్పందం చేసుకున్న తెలుగుగంగ అది. శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా వస్తాయని నాన్న నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. "మనలాగే అవీ నెల్లూరు దాటి వచ్చాయిరా" అన్నాడు.

ఇప్పుడు మా ఫ్లాట్‌లో కొళాయి తిప్పితే నీళ్ళు. అలారం లేకుండా నాలుగున్నరకు మెలకువ వస్తుంది. లేచి ఇల్లంతా తిరిగి ఏ కొళాయి అయినా కారుతోందా అని చూస్తాను. ఖాళీ గదిలో ఫ్యాను ఆపుతాను. నిన్న నా కొడుకు "నాన్నా, నువ్వు తాతయ్యలా నడుస్తున్నావు, చేతులు వెనక్కి కట్టుకుని" అన్నాడు. చూసుకుంటే నిజంగానే చేతులు వెనకాల ఉన్నాయి.

పెరంబూరు రైలుబండి

కుర్రవాడూ, నువ్వు ఇక్కడ రాయాల్సినవాడివే. ఆ రోజులే వేరు బాబూ. బిందెల వరుసలో నిలబడి నాలుగు ఇళ్ళ కబుర్లు తెలిసేవి. ఇప్పుడు పక్క ఫ్లాట్ వాళ్ళ పేరు తెలియదు.

తిరువాన్మియూర్ టైపిస్టు

అన్నయ్య గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, ఆ వరుసలు నాకు తియ్యటి జ్ఞాపకం కాదు. వరుసలో నిలబడింది ఎక్కువగా మా అమ్మలు. మా అమ్మ నడుము మీద బిందె పెట్టుకుని రెండంతస్తులు ఎక్కేది. కుడివైపు నడుము నొప్పి ఆవిడకు చివరిదాకా పోలేదు. కబుర్లు ఉండేవి, నిజమే. దెబ్బలాటలూ ఉండేవి. ఆ మనుషులు కావాలి గానీ ఆ బిందెలు మళ్ళీ వద్దు.

ఇక నా సంగతి. పదో తరగతి సెలవుల్లో నాన్న టైపు నేర్చుకోమని చేర్పించాడు. మైలాపూరులో మేడ మీద చిన్న గది, పన్నెండు మిషన్లు, అన్నీ ఒకేసారి మోగేవి. మొదటి వారం అంతా 'ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్' తప్ప ఇంకేం లేదు. చిటికెన వేలితో 'ఏ' గట్టిగా పడదు, కాగితం మీద అది ఒక్కటే పాలిపోయి ఉండేది. మాస్టారు కాగితం వెలుతురుకు పట్టి చూపించేవారు. లోయర్ నిమిషానికి 30 మాటలు, హయ్యర్ 45. రెండూ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను, ఆ రెండు సర్టిఫికెట్లే నా జీవితానికి ఆధారం అయ్యాయి. ఈ రోజుకీ ఆఫీసులో కీబోర్డు మీద నా వేళ్ళు అంత బలంగానే పడతాయి. పక్క సీటు అమ్మాయి "మీరు కొడుతుంటే మెట్ల మీద ఎవరో దిగుతున్నట్టు ఉంటుంది ఆంటీ" అంటుంది. కానీ హడావిడిగా ఉత్తరం తయారు చెయ్యాలంటే అందరూ నా దగ్గరికే వస్తారు.

నాలో అమ్మ కనపడేది పెరుగు తోడుపెట్టేటప్పుడు. వేలు ముంచి వేడి చూస్తాను, అమ్మలాగే చెవి దగ్గర పెట్టుకుని వేలు తుడుచుకుంటాను. చెవి దగ్గర ఎందుకో అమ్మను అడగలేదు.

పెరంబూరు రైలుబండి

చెల్లెమ్మా, నువ్వన్నది నిజం. మా అమ్మ కూడా మోసింది. నేను ఆ వైపు ఆలోచించలేదు.

కోడంబాక్కం కుర్రవాడు

జవ్వుమిఠాయి ఎవరికైనా గుర్తుందా? పొడుగాటి వెదురుకర్ర, దాని కొసన గౌను తొడిగిన బొమ్మ. తాడు లాగితే బొమ్మ చేతులు తట్టేది. కర్రకు చుట్టిన గులాబీ రంగు పాకాన్ని సాగదీసి వాచీ చేసి మణికట్టుకు కట్టేవాడు. ముళ్ళు కూడా పెట్టేవాడు. మధ్యాహ్నం స్కూలు దగ్గర కట్టించుకుంటే ఇంటికి చేరేలోపు 'టైము' తినేసేవాళ్ళం, పట్టీ మాత్రం చెల్లెలికి దాచేవాణ్ణి.

కొత్తవాల్ చావడి

గుర్తులేకేం! కమర్‌కట్టు కూడా. బెల్లం, కొబ్బరి. బుగ్గన పెట్టుకుంటే అరగంట. పోయిన నెల మైలాపూరులో కనపడితే పొట్లం కొన్నాను. నోట్లో వేసుకున్నాక గుర్తొచ్చింది, కింద దవడ పన్నుకు తొడుగు వేయించుకున్నానని. కొరక్కుండా, నాలికతో తిప్పకుండా, కదలకుండా కూర్చుని కరగనిచ్చాను. ముప్పావుగంట పట్టింది. రుచి ఏమీ మారలేదు. ఇంట్లో వాళ్ళు ఏమడిగినా తల ఊపడమే.

మాంబలం మామ్మ (ఆదివారం పొద్దున)

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. రాత్రి రెండుసార్లు చదివాను, మా ఆయనకు పైకి చదివి వినిపించాను. ఆయన వినేటప్పుడు చెవి వెనక చెయ్యి పెట్టుకుంటారు, మా మామగారిలాగే. టైపిస్టు చెల్లెమ్మా, చెవి దగ్గర వేలు తుడుచుకోవడం మా అమ్మ కూడా చేసేది. వేడి తగిలిన వేలు చెవితమ్మెకు ఆనిస్తే చల్లగా ఉంటుందమ్మా, ప్రయత్నించు.

ఐదేసి అన్న తమ్ముడి లెక్క మనవరాలికి బాగా నచ్చింది. నాలుగు గింజలు తక్కువ కదా, ఈ పూట పులుసుకు చింతపండు నానబెట్టి వాటిని తీస్తానంటోంది. తిరుపతి అక్కయ్య గారి ఫోను కోసం కాచుకుని ఉన్నాం.

కొత్తవాల్ చావడి (ఆదివారం మధ్యాహ్నం)

అక్కతో మాట్లాడాను. గంట సేపు మాట్లాడింది, అందులో ఆట పది నిమిషాలు. మా ఇంటి పద్ధతి ఇది, ఊరికో తేడా ఉంటుందని కూడా చెప్పమంది.

ప్రతి గుంటలో ఐదు. మనవైపు ఉన్న ఏడింటిలో ఒక గుంట మొత్తం ఎత్తి, కుడివైపుగా ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి, ఎదుటివాళ్ళ గుంటల్లో కూడా. చేతిలోవి అయిపోగానే తరువాతి గుంటలోవి ఎత్తి మళ్ళీ వెయ్యాలి. ఆ తరువాతి గుంట ఖాళీగా ఉందనుకోండి, దాన్ని చేత్తో తుడిచి, దాని పక్క గుంటలో ఉన్నవన్నీ గెలుచుకోవాలి. అక్కడితో మన వంతు అయిపోతుంది. వరసగా రెండు ఖాళీ గుంటలు వస్తే దక్కేది ఏమీ లేదు. ఆట మధ్యలో ఏ గుంటలోనైనా సరిగ్గా నాలుగు చేరితే అది 'ఆవు'. ఆ గుంట ఎవరివైపు ఉందో వాళ్ళు వెంటనే తీసేసుకోవాలి. చూసుకోకుండా ఇంకో గింజ పడిందంటే ఆవు పోయినట్టే. ఇక్కడ తమిళంవాళ్ళు పల్లాంగుళి ఆటలో 'పసు' అనేది దీన్నే. రైలుబండి అన్నకు నాలుగు అన్న లెక్క ఇక్కడి నుంచే గుర్తుండి ఉంటుందని అక్క అంది.

గింజలు అయిపోయాక గెలిచినవాటితో ఎవరి గుంటలు వాళ్ళు ఐదేసి నింపుకోవాలి. నిండని గుంట ఆ ఆటకు మూత.

అక్క కూడా నేల మీద కూర్చోలేదట. మంచం మీద పీట పెట్టి, కాళ్ళు కిందికి వేలాడేసి ఆడుతుందట.

పెరంబూరు రైలుబండి

ఆవు! అదేనమ్మా, ఇప్పుడు గుర్తొచ్చింది. నా చెల్లెలు "ఆవూ" అని అరిచి లాక్కునేది. అక్కయ్య గారికి నా నమస్కారాలు చెప్పండి.

మాంబలం మామ్మ (ఆదివారం రాత్రి)

ఆడాం. చింతపండులోంచి తీసిన నాలుగూ కొత్తవి కాబట్టి నల్లగా మెరుస్తున్నాయి. అమ్మమ్మవి రంగు పోయి, పట్టుకుంటే పట్టులా ఉన్నాయి. కలిపి పోశాం. పీటను మంచం మీద పెట్టాను, అక్కయ్య గారు చెప్పినట్టే. పిల్ల మంచం ఎక్కి బాసింపట్టు వేసుకుంది, నేను కాళ్ళు కిందికి వేశాను.

మొదటి ఆట నాది. రెండో ఆటలో నా వైపు నాలుగు చేరాయి, నేను అద్దాలు పెట్టుకోలేదు, చూడలేదు. పిల్ల చూసింది. చూసి నోరు మూసుకుని కూర్చుంది. నేను ఇంకేదో గుంట ఆలోచిస్తున్నాను. చివరికి ఉండబట్టలేక "మామ్మా, నీ ఆవు పోతుంది" అని తనే చెప్పేసింది. సరిగ్గా అప్పుడు చూసుకున్నాను, నా బొటనవేలు ఆ అరిగిన అంచు మీద ఉంది.

మూడో ఆట పరిచి పిలుస్తోంది. అద్దాలు తెచ్చుకుని వెళతాను.